ఎదుటి కంటికి కనిపించిన యాడికి

ప్రకృతి దృశ్యాన్ని ఫొటో తీసిన మనిషి ఆ ఫొటోను ఒంటరిగా చూసుకున్నంత కాలం అందులో నిజంగా ఏముందో పూర్తిగా తెలుసుకోలేడు. గట్టు ఎక్కిన అలసట, పైకి చేరగానే ఒంటికి తగిలిన గాలి, కింద వంకలో కదిలిన గొర్రెల మంద చప్పుడు, ముందురోజు కురిసిన వాన తాలూకు మట్టి వాసన, ఇవన్నీ తీసినవారి జ్ఞాపకంలో ఆ దృశ్యంతో కలిసిపోయి ఉంటాయి కనుక, తరవాత ఎన్నిసార్లు చూసుకున్నా చట్రంలో లేనివాటిని సైతం వారు చూస్తూనే ఉంటారు. ఎదుటి మనిషికి ఆ జ్ఞాపకం ఉండదు. వారి ముందున్నది నాలుగు అంచుల నడుమ నిలిచిన వెలుగునీడల అమరిక మాత్రమే. అందువల్ల అభ్యాస దశలో ఉన్నవారికి ఇతరుల అభిప్రాయం కెమెరాతోనూ కటకాలతోనూ సమానమైన పనిముట్టు అవుతుంది. కరువు పీఠభూమిగా పేరుపడిన అనంతపురం జిల్లాలో, అందులోనూ తాడిపత్రి, గుత్తి పట్టణాల నడుమ ఉన్న యాడికి వంటి చోట ఆ పనిముట్టు అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడి నేల అందం తొలిచూపులో దొరకదు, పైగా అలవాటైన ప్రశంసలు ఆ అందాన్ని వదిలేసి వేరే వైపు నడిపించే ప్రమాదమూ ఉంది.

నేల స్వభావం

పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే నైరుతి మేఘాలు కనుమల అవతలి వైపునే ఎక్కువ వాన కురిపించి తేలికపడిన తరవాత చేరే ప్రాంతంలో, ఉన్నందువల్ల ఈ జిల్లాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే దక్కుతుంది, అదీ ఒకసారి సమయానికి పడితే మరోసారి అదును దాటాక పడుతుంది. యాడికికి పడమరగా గుత్తి వైపు వెళితే నల్లగా, గుండ్రంగా అరిగిన గ్రానైటు బండలు, బోడికొండలు. తూర్పుగా తాడిపత్రి వైపు వెళితే పొరలు పొరలుగా పరుచుకున్న అవక్షేప శిలలు, అంటే ఒకనాటి సముద్రపు అడుగున పేరుకుని గట్టిపడిన రాళ్ళు, నాపరాతి గనులు, సున్నపురాతి భూములు. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే మహా శిలాసమూహానికి పడమటి అంచు ఈ ప్రాంతంలోనే పోతుంది. కోనఉప్పలపాడు దగ్గరి గుహలు సున్నపురాయి నీటికి కరిగి ఏర్పడినవే. ఒకే రోజు నడకలో ఎర్రనేల, నల్లరేగడి, రాతి బీడు, బోరు నీటి మీద బతికే చీనీతోట, సిమెంటు కర్మాగారపు పొగగొట్టం ఎదురయ్యే ఈ వైవిధ్యం అరుదైనదే అయినా, అది నిలువుగా పైకి లేచి కళ్ళను ఆపే రకం వైవిధ్యం కాదు. గట్లు పొట్టివి, చెట్లు పలచన, దిగంతరేఖ దాదాపు గీత గీసినంత తిన్నగా ఉంటుంది.

వెలుగు మరో ఇబ్బంది. యాడికి ఇంచుమించు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఏటా మే నెల మొదటి రోజుల్లోనూ, మళ్ళీ ఆగస్టు రెండో వారంలోనూ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ రాయికీ చెట్టుకీ నీడ వాటి పాదాల కిందే దాగిపోతుంది. నేల ఎత్తుపల్లాలను ఫొటోలో చూపేది పక్కగా పడే నీడే కాబట్టి, ఎండాకాలపు పగటి పూట తీసిన పీఠభూమి చదునుగా, పాలిపోయి కనిపిస్తుంది. సూర్యుడు దిగంతం కిందికి జారాక పని చేసుకోదగినంత వెలుతురు నిలిచే సమయాన్ని పౌర సంధ్య అంటారు. యూరప్‌లో అది చాలాసేపు సాగుతుంది గాని, ఈ అక్షాంశం దగ్గర ఇరవై నిమిషాలు దాటి కొద్దిసేపటికే ముగిసిపోతుంది. విదేశీ పాఠ్యపుస్తకాలు చదివి తీరిగ్గా గట్టెక్కేవారికి ఇక్కడ చీకటే ముందుగా ఎదురవుతుంది.

ఇటువంటి చోట తీసిన తొలి ఫొటోల మీద ఎదుటివారు చెప్పే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: కొండ ఏది? తీసినవారికి ఆ కొండ కళ్ళ నిండా ఉంది, ఫొటోలో మాత్రం అడుగున చిన్న గీతగా మిగిలింది. దీనికి కారణం నాభ్యంతరం, అంటే కటకం ఎంత వెడల్పు దృశ్యాన్ని లోపలికి తీసుకుంటుందో తెలిపే కొలత. సెల్‌ఫోనుల ప్రధాన కెమెరా సాధారణంగా పాత ఫిల్ము కెమెరా లెక్కలో 24 నుంచి 26 మిల్లీమీటర్లకు సమానమైన వెడల్పు చూపుతో వస్తుంది. అది దగ్గరి వస్తువును పెద్దది చేసి దూరపు కొండను వెనక్కి నెడుతుంది. మనిషి కన్ను అలా చూడదు, తనకు కావలసినదాని మీద నిలిచి మిగతాదాన్ని వదిలేస్తుంది. యాడికి గట్ల వంటి తక్కువ ఎత్తు కొండలకు 70 మిల్లీమీటర్లకు పైబడిన కటకం, లేదా ఫోనులోని దూరపు కెమెరా, నాలుగైదు వరసల గట్లను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరికి తెస్తుంది. ఈ సూత్రం పుస్తకాలలో ఉన్నదే, కాని చదివినవారిలో చాలామంది పాటించరు. తన ఫొటోను చూసిన మరో మనిషి కొండ ఎక్కడుందని అమాయకంగా అడిగినప్పుడే అది మనసుకు ఎక్కుతుంది.

మద్రాసు నుంచి బెంగళూరు దాకా

ఫొటోలను నలుగురి ముందు పెట్టి తప్పొప్పులు చెప్పించుకునే ఆచారం దక్షిణ భారతంలో ఫొటోగ్రఫీ అంత పాతది. యాడికి ప్రాంతం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లోనే, అంటే 1882లో అనంతపురం జిల్లా ఏర్పడటానికి పావు శతాబ్దం ముందే, 1855 మద్రాసు ప్రదర్శనలో న్యాయనిర్ణేతల ముందుకు ఛాయాచిత్రాలు వచ్చాయి. హళేబీడు, బేలూరు ఆలయాలను కాగితపు నెగటివుల మీద తీసిన లినియస్ ట్రైప్ అనే సైనికాధికారికి అక్కడ ప్రథమశ్రేణి పతకం దక్కింది. మద్రాసు చిత్రకళా పాఠశాలను స్థాపించిన వైద్యుడు అలెగ్జాండర్ హంటర్ చొరవతో 1857 ప్రాంతంలో మద్రాసులో ఫొటోగ్రాఫిక్ సొసైటీ మొదలైంది. ఆనాటి రసాయనాలకు నీలం రంగు మరీ ఎక్కువగా తగిలి, ఎరుపు దాదాపు ఏమాత్రమూ తగలకపోవడం వల్ల ఆకాశం తెల్లగా వెలిసిపోయేది. ట్రైప్ తన నెగటివుల మీద రంగు పూసి మేఘాలను చేతితో దిద్దాడు. ఆకాశం వెలితిగా ఉందన్న అసంతృప్తి, దాన్ని సరిదిద్దాలన్న తపన ఫొటోగ్రఫీకి తొలినాటి నుంచీ ఉన్నవే. అదే రసాయనంతో గుత్తి ఎర్రనేలను తీసి ఉంటే అది బొగ్గులా వచ్చేది.

బ్రిటన్‌లో 1855లో ఏర్పడిన ఫొటోగ్రాఫిక్ ఎక్స్‌ఛేంజ్ క్లబ్ సభ్యులు తమ ఫొటోలను తపాలాలో ఒకరికొకరు పంపుకునేవారు. ఆ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఈ పద్ధతి తపాలా క్లబ్బుల రూపంలో స్థిరపడింది: ఫొటోలు పెట్టిన ఒక పెట్టె సభ్యుల ఇళ్ళ మధ్య తిరిగేది, ప్రతి సభ్యుడూ ప్రతి ఫొటోకూ తన విమర్శను చేతిరాతతో రాసి, తన కొత్త ఫొటోను చేర్చి, తరవాతి చిరునామాకు పంపేవాడు. పెట్టె తిరిగి వచ్చేసరికి తీసినవారి తొలి మురిపెం చల్లారి ఉండటం, రాత రూపంలో ఉన్న విమర్శను మళ్ళీ మళ్ళీ చదువుకోగలగడం ఆ పద్ధతిలోని రెండు గొప్ప లాభాలు. ఇవాళ్టి వేగానికి ఆ రెండూ దక్కకుండా పోయాయి.

తెలుగు సీమకు, ముఖ్యంగా అనంతపురానికి, దగ్గరి కేంద్రం బెంగళూరు. 1953లో డాక్టర్ జి. థామస్ కృషితో అక్కడ భారత ఫొటోగ్రఫీ సమాఖ్య ఏర్పడింది. దేశంలోని క్లబ్బులను ఒక తాటి మీదికి తెచ్చిన సంస్థ అది. 1971లో అదే నగరంలో యూత్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ప్రారంభమైంది. ఇటువంటి క్లబ్బులలో సభ్యులు తమ ఫొటోలను పోటీకి పెడతారు, అనుభవజ్ఞుడైన న్యాయనిర్ణేత అందరి ఎదుటా ఒక్కొక్క దాని గుణదోషాలు వివరిస్తాడు. ఇక సలోన్ అనేది సమాఖ్య గుర్తింపు పొందిన పోటీ ప్రదర్శన. న్యాయనిర్ణేతలు మార్కులు వేసి ఎంపిక చేస్తారు. తెలుగు రాష్ట్రాలలో 2015 నుంచి హైదరాబాద్‌లో జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్ మరో మార్గం తెరిచింది. అక్కడి పోర్ట్‌ఫోలియో సమీక్షలో విడి ఫొటోకు మార్కు వేయడం ఉండదు, ఒక వరసలో అమర్చిన ఫొటోల సమూహం మొత్తంగా ఏం చెబుతోందో సంపాదకులు, క్యురేటర్లు ఎదురుగా కూర్చుని మాట్లాడతారు.

ఈ వ్యవస్థలకు అభ్యాసకులు ఎంతో రుణపడి ఉన్నారు. వంకరపోయిన దిగంతరేఖ, వెలుగు ఎక్కువై తెల్లబారిన ఆకాశం, మోతాదు మించిన రంగులు, అంచున పొరపాటున చొరబడిన కొమ్మ వంటి లోపాలను అనుభవజ్ఞుడి కన్ను క్షణంలో పడుతుంది. అయితే పోటీ న్యాయనిర్ణయానికి ఒక సహజ బలహీనత ఉంది. వందలాది ఫొటోలు కొద్ది క్షణాలకొకటి చొప్పున కళ్ళ ముందు సాగిపోతున్నప్పుడు, గట్టిగా అరిచే ఫొటో నెగ్గుతుంది, మెల్లగా మాట్లాడేది వెనకబడుతుంది. తాడిపత్రికి తూర్పున, ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన గండికోట లోయ ఫొటోలే దీనికి రుజువు. అక్కడ ఒకే కొండ అంచు నుంచి, ఒకే వెడల్పు కటకంతో, ఒకే సంధ్యారాగంలో తీసిన ఫొటోలు అసంఖ్యాకంగా ఉన్నాయి. అవి అందమైనవే గాని, పేరు తీసేస్తే ఏది ఎవరు తీశారో చెప్పడం కష్టం. మెప్పు దొరికిన చోటికే అందరూ వెళ్ళడం వల్ల చూపు కూడా ఒకటే అయిపోయింది. యాడికి అభ్యాసకుడు ఆ మెప్పు కోసమే గండికోటకు పరుగెత్తితే, ఇంటి వెనక గట్టు ఎవరి కంటా పడకుండా ఉండిపోతుంది.

సూత్రాలను యాంత్రికంగా వల్లించే విమర్శ కూడా ఇదే నష్టం చేస్తుంది. చట్రాన్ని అడ్డంగానూ నిలువుగానూ మూడేసి భాగాలు చేసి, ముఖ్యమైన వాటిని ఆ గీతల మీద పెట్టాలనే మూడో వంతు సూత్రానికి పేరు పెట్టినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు. 1797లో పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలో ఆ మాట కనిపిస్తుంది. చెట్లూ కుటీరాలూ నిండిన ఇంగ్లండు పల్లెకు పనికొచ్చిన ఆ సూత్రం ప్రతి చోటా పనికి రావాలని లేదు. జూన్‌లో మోడం పట్టి, వాన ఇంకా పడని సాయంత్రం, యాడికి పొలాల మీద ఆకాశమే అసలు విషయం. నేలకు చట్రంలో పదో వంతు ఇచ్చినా సరిపోతుంది. దిగంతరేఖను మూడో వంతు గీత మీదికి తెమ్మని సలహా ఇచ్చిన వ్యక్తి ఆ ఫొటోను చూడలేదనే అనుకోవాలి.

మెప్పు వల్ల కలిగే నష్టం గురించి మనస్తత్వ శాస్త్రంలో గట్టి ఆధారం ఉంది. అభిప్రాయం అందుకున్నవారి పనితీరు ఎలా మారుతుందనే అంశం మీద అంతవరకూ వచ్చిన అనేక పరిశోధనలను కలిపి 1996లో అవ్రహం క్లూగర్, ఏంజెలో డినీసి విశ్లేషించారు. సగటున అభిప్రాయం మేలే చేస్తుందని తేలినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో అది పనితీరును తగ్గించింది. దృష్టిని పని మీదికి తిప్పిన అభిప్రాయం ఉపకరిస్తుందనీ, పని చేసిన మనిషి మీదికి తిప్పినది, పొగడ్త అయినా తెగడ్త అయినా, అంతగా ఉపకరించదనీ వారి వివరణ. ఇంట్లోవారు, స్నేహితులు ప్రేమతో చెప్పే అద్భుతం, సూపర్ అన్న మాటలు ఈ రెండో కోవలోవి. అవి తీసినవారికి సంతోషం ఇస్తాయి, ఆ సంతోషం అక్కరలేనిదేమీ కాదు. కాని రేపు ఉదయం గట్టెక్కినప్పుడు కెమెరాను ఏ వైపు తిప్పాలో ఆ మాటలు చెప్పలేవు.

పచ్చగా కనిపించే కరువు

ఫొటోలు తెలిసినవారి కన్ను ఒకటైతే, నేల తెలిసినవారి కన్ను మరొకటి. ప్రకృతి దృశ్య ఛాయాచిత్రణ మీద వచ్చిన బోధనలో ఈ రెండో కంటికి దాదాపు చోటు లేకపోవడం పెద్ద లోపం. గట్టు మీద గొర్రెలు మేపే కాపరి, వేరుశనగ వేసిన రైతు, బోరు బావులు తవ్వించి అప్పులైన కుటుంబం, నాపరాతి గనిలో పనిచేసే కూలీ, వీరు ఫొటోను కూర్పుగా చూడరు. తమ ఊరి చోటుగా చూస్తారు. ఏ వంక, ఎవరి చేను, ఏ నెల, వానకు ముందా తరవాతా అని ఆరా తీస్తారు. ఆ ప్రశ్నలకు ఫొటో జవాబు చెప్పగలదా లేదా అన్నది ఏ సలోన్ పరీక్షా పట్టించుకోని పరీక్ష.

కరువు ఫొటో అనగానే అందరికీ గుర్తొచ్చే నెర్రెలు విచ్చిన నేలనే తీసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. నెర్రెలు బంకమట్టికి మాత్రమే పడతాయి. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే స్వభావం గలది కనుక మంచి పంట పండిన ఏడాది కూడా వేసవిలో అది పగుళ్ళు తీస్తుంది. ఆ పగుళ్ళలోకి పైమట్టి రాలి, తొలకరి నీరు లోతుకు దిగి, నేల తనను తాను తిరగేసుకుంటుంది. చెరువు అడుగున కనిపించే పెంకుల్లాంటి పగుళ్ళు అక్కడ నిన్నమొన్నటి దాకా నీళ్ళున్నాయని చెబుతాయి. జిల్లాలో వేరుశనగ రైతును అసలు దెబ్బతీసే కరువు ఎర్ర ఇసుకనేలల మీద నడుస్తుంది, అక్కడ నెర్రెలు ఉండవు, పైన గట్టి పెచ్చు కడుతుంది. పగిలిన నేల ఫొటోను పట్నపు ప్రదర్శనలో చూసినవారు నిట్టూరుస్తారు. అదే ఫొటోను నల్లరేగడి రైతుకు చూపిస్తే ఇది ఏటా ఉండేదే కదా అంటాడు.

ఈ పొరపాటుకు అమెరికా చరిత్రలో ప్రసిద్ధి పొందిన ఉదాహరణ ఉంది. 1936లో ప్రభుత్వ పునరావాస సంస్థ కోసం పనిచేస్తున్న ఆర్థర్ రోత్‌స్టీన్, దక్షిణ డకోటాలో ఎండిపోయిన చౌడు నేల మీద పడి ఉన్న పశువు పుర్రెను కొన్ని అడుగుల దూరం జరిపి, వేర్వేరు నేపథ్యాలలో ఫొటోలు తీశాడు. ఆ ఫొటో కరువుకు చిహ్నంగా పత్రికలలో ప్రచారమైంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కరువు ప్రాంతాల పర్యటనకు వచ్చిన ఆగస్టులో, ఉత్తర డకోటా పట్టణం ఫార్గో పత్రిక ఆ ఫొటోను బూటకమని దుయ్యబట్టింది. పుర్రెను జరపడం ఒక తప్పైతే, అటువంటి చౌడు పగుళ్ళు వానలు బాగా పడిన ఏడు కూడా ఉండేవేనన్నది స్థానికుల అసలు అభ్యంతరం. రాజకీయ ప్రయోజనం ఆ పత్రికకు ఉండి ఉండవచ్చు, ఆ ఏడాది కరువు మాత్రం నిజం. కాని నేల తెలిసినవారికి ముందుగా ఒక్కసారి చూపించి ఉంటే, కరువు ఆనవాలు ఎక్కడ వెతకాలో ఆ యువకుడికి వాళ్ళే చెప్పి ఉండేవారు.

యాడికి చుట్టుపక్కల ఆ ఆనవాలు ఎక్కడ ఉంటుందో వేరుశనగ జీవితాన్ని గమనిస్తే తెలుస్తుంది. జూన్, జూలైలలో పదును దొరికినప్పుడు, అంటే విత్తనం మొలవడానికి తగినంత తడి నేలకు పట్టినప్పుడు, విత్తుతారు. నెల తిరిగేసరికి పసుపు పూలు పూస్తాయి. పూత నిలిచిన తరవాత ఆ పువ్వు మొదలు నుంచి సన్నని ఊడ కిందికి సాగి మట్టిలోకి దిగుతుంది, కాయ కట్టేది ఆ ఊడ చివరనే. సరిగ్గా ఆ రోజుల్లో వాన మొహం చాటేస్తే పెచ్చు కట్టిన నేలలోకి ఊడ దిగలేదు. చెట్టు వెంటనే చావదు. పగటి ఎండకు ఆకులు ముడుచుకుంటాయి, సాయంత్రానికి మళ్ళీ తేరుకుంటాయి, దూరం నుంచి చూసేవారికి చేను పచ్చగానే ఉంటుంది. ఆగస్టు చివర గట్టు మీద నుంచి తీసిన ఆ పచ్చని విస్తీర్ణం ఏ పోటీలోనైనా సమృద్ధి అనే పేరుతో బహుమతి పొందగలదు. ఆ చేను ఆసామికి చూపిస్తే మాత్రం ఊడ దిగలేదన్న రెండు మాటల్లో ఆ ఏటి అప్పు, వలస, పశువుల అమ్మకం అన్నీ వినిపిస్తాయి.

ఈ మాట విన్న అభ్యాసకుడి దారి అక్కడి నుంచి మారవలసి ఉంటుంది. పచ్చదనమే కరువును దాచిపెడుతున్నప్పుడు దూరం నుంచి తీసిన ఒక్క వెడల్పు ఫొటో సరిపోదు. అదే చేను అంచున మోకాళ్ళ మీద కూర్చుని, గాలిలో వేలాడుతున్న ఊడలను నేల ఎత్తు నుంచి, వెనక గట్టు కనిపించేలా తీయవలసి వస్తుంది. ముందున్న ఊడా వెనకున్న గట్టూ రెండూ స్పష్టంగా రావాలంటే కటక రంధ్రాన్ని చిన్నది చేయాలి, ఎఫ్ 11 వంటి అంకె దగ్గర పెట్టాలి. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు పెరుగుతుంది గనుక. మధ్యాహ్నం ముడిచిన ఆకులు, సాయంత్రం తేరుకున్న ఆకులు రెండు ఫొటోలుగా పక్కపక్కన నిలవవచ్చు. నడినెత్తి ఎండలో ఫొటో తీయకూడదన్న పుస్తకాల మాట ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆ ఎండే ఇక్కడ కథావస్తువు. రైతు చెప్పిన ఒక మాట ఫొటో తీసే వేళను, ఎత్తును, కటకాన్ని, చివరికి ఫొటోల సంఖ్యను మార్చేసింది. ఇంతటి సాంకేతిక ఫలితం ఇచ్చిన అభిప్రాయాన్ని సాంకేతికేతరమని పక్కన పెట్టడం న్యాయం కాదు.

రంగుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. కెమెరాలోని తెలుపు సమతుల్యం అనే ఏర్పాటు, వెలుగుకు ఉన్న రంగును అంచనా వేసి తెల్లని వస్తువు తెల్లగా కనిపించేలా దిద్దుతుంది. చట్రం నిండా ఎర్రనేలే ఉన్నప్పుడు, స్వయంచాలక పద్ధతిలో ఉన్న కెమెరా ఆ ఎరుపును వెలుగు దోషంగా పొరబడి తగ్గించేస్తుంది. మన్ను బూడిద కలిసిన గులాబీ రంగుకు దిగుతుంది. దాన్ని చూసి బాధపడినవారు కంప్యూటరు మీద రంగు పెంచుతారు, అప్పుడు అది కుంకుమ అవుతుంది. ఎండ వెలుగుకు సరిపోయే స్థిరమైన అమరిక, సుమారు 5500 కెల్విన్, ఎంచుకుంటే ఈ రెండు బాధలూ తప్పుతాయి. అయితే ఫలితం సరైందో కాదో తేల్చే పరీక్షను ఏ యంత్రమూ చేయలేదు. తడిసిన ఎర్రమన్నుకూ ఎండిన ఎర్రమన్నుకూ తేడా రోజూ కాళ్ళతో తొక్కి తెలుసుకున్నవారు ఫొటో చూసి, వాన పడిందా అని అడిగితే, ఎండిన నేలను తీసినవారు రంగు అతిగా ముదిరిందని గ్రహించాలి.

విద్వాన్ విశ్వం పెన్నేటి పాట కావ్యంలో ఈ సీమ నేలను అక్కడి మనుషుల బతుకుతో కలిపి చూశాడు, దృశ్యంగా విడదీయలేదు. తెలుగులో ఫొటోగ్రఫీ ఇంకా ఆ స్థాయికి రావలసి ఉంది. అందుకు కావలసిన నైపుణ్యం నగరాలలో ఉంది, కావలసిన తెలివిడి పల్లెలలో ఉంది; ఒక ఫొటో ఆ రెండు చోట్లకూ ప్రయాణం చేయాలి.

అడగవలసిన ప్రశ్న

ఆ ప్రయాణం జరగాలంటే ఫొటో కాగితం మీదికి రావడం మంచిది. ఫోను తెర మీద అంగుళాల సైజులో కనిపించే ఫొటోను ఎవరైనా క్షణంలో దాటేస్తారు. ఎనిమిది అంగుళాల ముద్రిత ఫొటోను చేతికిస్తే వెలుగు వైపు తిప్పి, దగ్గరగా పెట్టుకుని, పక్కవారికి అందించి మాట్లాడతారు. చూపు మందగించిన పెద్దవారు, తెరలకు అలవాటు లేని కాపరులు కూడా అప్పుడే నోరు విప్పుతారు. 1933లో న్యూయార్క్‌లో గ్యాలరీ నడుపుతున్న ఫొటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు తన ఫొటోలు చూపించడానికి వెళ్ళిన యువ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్, ఆయన మొత్తం ఫొటోలను మాట్లాడకుండా ఒకసారి చూసి, మూసి, మళ్ళీ మొదటి నుంచీ ఒక్కొక్కటిగా చూశాక గాని అభిప్రాయం చెప్పలేదని తరవాత రాసుకున్నాడు. మూడేళ్ళకు ఆడమ్స్ ప్రదర్శన అదే గ్యాలరీలో జరిగింది. నెమ్మదిగా చూడటమే విమర్శలో సగం పని.

ఎలా ఉంది అని అడిగితే బాగుంది అన్న జవాబే వస్తుంది, ఎందుకంటే ఆ ప్రశ్న మర్యాదను కోరుతుంది. ఇందులో ఏం కనిపిస్తోంది, ముందు కన్ను ఎక్కడ పడింది, తరవాత ఎటు వెళ్ళింది, ఇది ఏ వేళ తీసింది అనిపిస్తోంది అన్న ప్రశ్నలు వర్ణనను కోరతాయి. వర్ణనలో మొహమాటానికి తావు తక్కువ. చూసినవారు చెబుతున్నంతసేపూ తీసినవారు వివరణ ఇవ్వకుండా ఉండటం ఇందులో అన్నిటికంటే కష్టమైన నియమం. అక్కడ మబ్బు విడిపోయింది, ఈ పక్కన చెరువుంది అంటూ చెప్పడం మొదలుపెట్టిన మరుక్షణం ఎదుటివారి కన్ను స్వతంత్రతను కోల్పోయి, తీసినవారి జ్ఞాపకాన్ని అరువు తెచ్చుకుంటుంది. ఎదుటివారు చెరువును గమనించకపోతే, ఆ ఫొటోలో చెరువు లేనట్టే లెక్క.

తపాలా పెట్టె పద్ధతిని ఈ ప్రాంతంలో బతికించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. గుత్తి, రాయలచెరువు, తాడిపత్రి ఒకే రైలుమార్గం మీద ఉన్నాయి. యాడికితో కలిపి ఈ ఊళ్ళలోని నలుగురైదుగురు అభ్యాసకులు ఒక అట్టపెట్టెలో తలా రెండు ఫొటోలు పెట్టి, వెనక తెల్లకాగితం అంటించి, నెలకొకసారి చేతులు మార్చుకోవచ్చు. ఆ పెట్టె ప్రతి ఊళ్ళోనూ ఒక ఫొటో తెలిసినవారి దగ్గర, ఒక నేల తెలిసినవారి దగ్గర ఆగాలి. రాయడం రానివారు చెప్పిన మాటను చెప్పినట్టుగానే, వారి యాసలోనే, కాగితం మీద రాయాలి. పేరు, ఊరు, నెల, చేను రకం ఫొటో వెనక ఉండాలి గాని అభిప్రాయాలు వచ్చేదాకా మడతపెట్టి దాచాలి. ఒకే గట్టును ఒకే చోట నిలబడి తొలకరికి ముందు, విత్తనం వేళ, ఊడ దిగే వేళ, కోత అయ్యాక తీసిన నాలుగు ఫొటోలు పెట్టెలో ఉంటే విమర్శ ఇంకా పదునెక్కుతుంది, ఎందుకంటే అప్పుడు చూసినవారు ఒక ఫొటోను మరో ఫొటోతో పోల్చి మాట్లాడగలుగుతారు. కోత అయిన చేనును ఎండిన చేనుగా పొరబడే ప్రమాదం కూడా ఆ వరసలో తేలిగ్గా తొలగిపోతుంది.

రెండు కళ్ళూ ఒకే మాట చెప్పినప్పుడు నిర్ణయం సులువు. దిగంతరేఖ వంగిందని ఫొటో తెలిసినవారూ, కట్ట కుంగినట్టుందని చెరువు కింది రైతూ అంటే, కెమెరా వంకరగా పట్టుకున్నట్టే. చిక్కంతా వారి మాటలు ఎదురెదురు నిలిచినప్పుడు వస్తుంది. చీనీతోట అంచున నిలబడిన కరెంటు స్తంభాన్ని తీసుకుంటే, అది చట్రాన్ని చీలుస్తోంది, రెండడుగులు జరిగి దాన్ని తప్పించి ఉండవలసిందని క్లబ్బు న్యాయనిర్ణేత రాస్తాడు. ఆ స్తంభం లేకపోతే బోరు లేదు, బోరు లేకపోతే ఈ తోట లేదు, స్తంభం తీసేస్తే చెట్లకు నీళ్ళెక్కడివని తోట యజమాని అడుగుతాడు. కొండ మీది గాలిమరలకూ, సిమెంటు పొగగొట్టానికీ, పొలం గట్టున పెరిగిన సర్కారు కంపకూ ఇదే వివాదం వర్తిస్తుంది. ఇక్కడ ఇద్దరినీ సగం సగం తృప్తిపరచబోతే ఫొటో ఎవరిదీ కాకుండా పోతుంది. న్యాయనిర్ణేత మాటలో నిజం ఉంది: స్తంభం అనుకోకుండా పడినట్టు కనిపిస్తోంది. యజమాని మాటలోనూ నిజం ఉంది: స్తంభం అక్కడ అనుకోకుండా లేదు. కాబట్టి తీసినవారు మళ్ళీ ఆ తోటకు వెళ్ళి, స్తంభం నుంచి మోటారు దాకా దిగిన తీగ, మోటారు నుంచి పాదులోకి పారే నీరు, పాదులోని చెట్టు ఒకే చూపులో కలిసేలా నిలబడే చోటు వెతకవలసి ఉంటుంది. కరెంటు ఇచ్చే వేళ ఏదో యజమానికే తెలుసు కనుక, ఆ రోజు గట్టెక్కే సమయం ఆయన్ను అడిగే నిర్ణయించుకోవాలి.